ఓడ దొర చెంచా, మా నాయన అరచెయ్యి

ఫోన్లో ఆమె తన పేరు వసంత అని చెప్పినప్పుడు నాకేమీ తట్టలేదు. వాళ్ల నాన్నగారి పేరు చెప్పినా తట్టలేదు. ఆ పేరుతో ఆయన్ని మా జిల్లాలో ఎవరూ పిలవలేదు మరి. "మీ వైపు ఆయన్ని ఓడ దొర అనేవారట కదండీ" అన్నాక మాత్రం చేతిలో ఉన్న చేట కింద పెట్టేశాను. ఓడ దొర పోయిన సంగతి కిందటేడు పేపర్లో చదివాను. నౌకాదళంలో పెద్ద అధికారిగా పనిచేసి, ఆ తర్వాత ప్రభుత్వ సర్వీసులోకి వచ్చి, రాజధానిలో కార్యదర్శి పదవి దాకా ఎక్కిన మనిషి కాబట్టి అరపేజీ రాశారు. ఆ అరపేజీలో మా నాయన గురించి కూడా ఒక వాక్యం ఉంది. పేరు వేయలేదు. కరువులో పేదల గంజి తాగిన సొంత డఫేదారును అక్కడికక్కడే తీసేసిన నిజాయితీపరుడని దొరను మెచ్చుకున్నారు. ఆ పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పరిచాను. ఇప్పుడు ఆ దొర కూతురు తండ్రి ఉద్యోగ జీవితం మీద పుస్తకం వేస్తోందట. నన్ను చూడడానికి హైదరాబాదు నుంచి అనంతపురం వస్తుందట. యాభై ఏళ్లుగా మేము ఉన్నామో పోయామో అడగనివాళ్లు ఇప్పుడు వెతుక్కుంటూ వస్తున్నారంటే ఊరికే రారు. ఆ ఒక్క వాక్యాన్ని అధ్యాయం చేసి, ఈసారి గంజి దొంగ పేరు హుసేనప్ప అని అచ్చు వేయడానికే వస్తోందని నాకు గట్టిగా అనిపించింది.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిందో బడిలో అంటుకుందో చెప్పలేను. ముప్పయ్యేళ్లు పంతులమ్మగా పనిచేసినదాన్ని. పిల్లల కడుపునొప్పుల్లో ఏది కడుపుదో, ఏది లెక్కల పరీక్షదో మొహం చూసి చెప్పగలను. వసంత ఆటో దిగినప్పుడు ఆమె మొహాన్నీ అట్లాగే చూశాను. కాస్త అటూ ఇటూగా నా వయసే. ఆ రోజుల్లో ఎక్కడో హాస్టల్లో ఉండి చదువుకునేదట, బంగళాలో నేనెప్పుడూ చూడలేదు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చేసిన నూలు చీర. నేనిచ్చిన చెంబు పక్కన పెట్టి తన సంచిలోంచి సీసా తీసి నీళ్లు తాగింది. మా నీళ్లు ఈమె గొంతు దిగవు గానీ మా మాటలు పుస్తకంలోకి దిగాలి అనుకున్నాను. ఆమె ఒక నీలం అట్ట నోటుపుస్తకం, చేతిరుమాలులో చుట్టిన ఒక చెంచా బల్ల మీద పెట్టి, "ఆ గంజి సంగతి ఇందులో ఉందండీ కుళ్లాయమ్మ గారూ. మీరు చదవకుండా నేను అచ్చుకు ఇవ్వలేను" అంది. "ఇస్తే అడ్డం పడేదానికి ఇంగ ఎవురుండారు లేమ్మా" అన్నాను. పుస్తకం ముట్టుకోలేదు. చెంచాను మాత్రం చూడగానే గుర్తుపట్టాను. పిడి మీద లంగరు బొమ్మ. నాకు పదిహేడేళ్లప్పుడు ఆ చెంచా దొర చొక్కా జేబులో కలం పక్కన ఉండేది.

ఆయన కోస్తా మనిషి. ఏదో రేవు పట్నంలో పుట్టి, మీసాలు రాకముందే నౌకాదళంలో చేరి, ఓడ నడిపే కమాండరై, ఎందుకో అదంతా వదిలేసి సర్వీసులోకి వచ్చాడు. మా జిల్లాకు కరువు పనుల ప్రత్యేకాధికారిగా వేశారు. ఆ 'ఎందుకో' అన్నదాన్ని నమిలి నమిలి అనంతపురం ఒక ఏడాది పొద్దుపుచ్చింది. నీళ్ల మీద బతికినవాడు నీళ్లు లేని చోటికి తనంతట తాను వస్తాడా? "సముద్రమంత నీళ్లు ఇడ్సిపెట్టి ఈ ఎండు నేలకు ఎవురన్నా వస్తారా? యాడో ఓడ ముంచేసుంటాడు" అనేది మా అమ్మ. పొగాకు నములుతూ, ఆ మాట ముందెవరూ అననట్టు, రోజుకొకసారి అనేది. కచేరీలో గుమాస్తాలు ఇంకో కథ చెప్పుకునేవాళ్లు. పైవాళ్లతో గొడవపడ్డాడని ఒకరు, యుద్ధంలో చూడరానిది చూసి మనసు విరిగిందని ఒకరు. నిజమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వసంతను అడిగితే తనకూ తెలియదని చెప్పింది, అది మాత్రం అబద్ధం కాదనిపించింది.

మా నాయన ఆయనకు డఫేదారు. ఎర్రటి డవాలు పట్టీ భుజం మీంచి నడుముకు ఏటవాలుగా వేసుకుని, దాని మీద ఇత్తడి బిళ్ల మెరుస్తుంటే, దొర గది బయట స్టూలు మీద కూర్చోవడం, జీపులో వెంట పోవడం ఆయన పని. మేము దూదేకులవాళ్లం. మా తాత ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకినవాడు. ఆ ఇంట్లోంచి వచ్చిన మనిషికి ప్రభుత్వపు బిళ్ల ఎంతో వేరే చెప్పాలా? రోజూ పొద్దున చింతపండు పెట్టి దాన్ని రుద్దేవాడు. మేము బంగళా వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లం కాబట్టి దొర ఇంటి పద్ధతులన్నీ మా కళ్ల ముందే జరిగేవి. గంటకొకసారి గంట కొట్టాలి. స్నానానికి మనిషికి ఒక బకెట్, దొరకైనా దొరసానికైనా అంతే. తొట్టి మూతకు తాళం, తాళంచెవి ఆయన దగ్గర. తన బూట్లు తానే పాలిష్ చేసుకునేవాడు. మా నాయనకు అదే పెద్ద బాధ. "బూట్లు గూడ నా చేతికియ్యడే, నామింద ఏం అనుమానమో" అని మా అమ్మ దగ్గర గొణిగేవాడు. దొర తన పని తాను చేసుకుంటాడన్నది మాకెవరికీ నమ్మదగిన కారణంగా కనబడలేదు.

వరండాలో ఒక గాజు బిళ్ల గడియారంలాంటిది వేలాడేది. బారోమీటరు. గాలి బరువు చూసి వాతావరణం చెబుతుందట. ఓడ మీద నుంచి తెచ్చుకున్నాడు. పొద్దున లేవగానే దాన్ని వేలితో రెండుసార్లు తట్టి, ముల్లు చూసి, పెదవి విరిచి లోపలికి పోయేవాడు. అర్జీలతో వచ్చిన ఉరవకొండ రైతులు ఇది చూశారు. చెనక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకుని మొగులుకేసి చూస్తున్నవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయన మా నాయనను పక్కకు పిలిచి, "హుసేనప్పా, మీ దొర దినామూ దాన్ని తట్టి తట్టి వానను బెదరగొడతాండాడు. ఒక వారం యాడన్నా దాచిపెట్టప్పా. పడకపోతే మళ్లా తగిలిద్దువులే" అన్నాడు. మా నాయన నవ్వలేదు. నిజంగానే రెండు రోజులు ఆలోచించాడు. చివరికి దాచలేదు గానీ, దాచకపోవడం తప్పేమోనని వాన పడేదాకా అనుకుంటూనే ఉన్నాడు. మా వైపు అనుమానం చెడ్డ గుణం కాదు, చుట్టూ ఏం జరుగుతోందో కనిపెట్టుకుని ఉండడం, అంతే.

గంజి కేంద్రాలు తెరిచింది ఆ ఎండాకాలంలోనే. జొన్నపిండో రాగిపిండో పెద్ద డేగిసాల్లో కాచి బడుల దగ్గర పోసేవాళ్లు. తెరిచిన రెండో వారానికే ఒక మాట పుట్టింది. గంజిలో పిల్లలు పుట్టకుండా మందు కలుపుతున్నారని. ఎక్కడ పుట్టిందో తెలియదు, కదిరి నుంచి కళ్యాణదుర్గం దాకా ప్రతి ఊరికీ జీపు కంటే ముందే చేరింది. ఆకలితో కళ్లు లోపలికి పోయినవాళ్లు కూడా గిన్నె పట్టుకుని వచ్చి, డేగిసా చూసి వెనక్కి పోయేవాళ్లు. అప్పుడు ఓడ దొర తన పాత అలవాటు ఒకటి బయటికి తీశాడు. ఓడలో వంట అయ్యాక నావికులకు పెట్టేముందు ఒక అధికారి వచ్చి రుచి చూడాలట. ఆయన బాగుందంటేనే వడ్డన. అదే ఇక్కడ పెట్టాడు. ఏ ఊరో మా నాయనకు మాత్రం చెప్పి, జనాన్ని వరసగా కూర్చోబెట్టడానికి ముందు పంపేవాడు. తర్వాత చెప్పాపెట్టకుండా జీపులో దిగేవాడు, జేబులోంచి లంగరు చెంచా తీసేవాడు, ఒక గిన్నెలో పోయించుకుని జనం చూస్తుండగా మూడు చెంచాలు తాగేవాడు. తర్వాత నీలం అట్ట పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. "ఇప్పుడు మీరు తాగండి" అనేవాడు.

జనం అంత సులభంగా పడతారా? "ఆయప్పకు పుట్టేవాళ్లు పుట్టేసినారు గదప్పా, తాగితే ఆయప్పకేమి?" అని గోరంట్ల వైపు ఒక ముసలామె అందరూ వినేటట్టే అంది. దొర ఆ మాట మా నాయనతో తిరిగి చెప్పించుకుని, మొదటిసారి పళ్లు కనబడేటట్టు నవ్వాడు. అయినా రోజూ తాగుతూనే ఉన్నాడు, ఎండలో, దుమ్ములో, రోజుకు నాలుగైదు ఊళ్లలో. నెల తిరిగేసరికి జనం కూర్చోవడం మొదలుపెట్టారు. దొర తాగకపోతే మాత్రం ఎవరూ గిన్నె ఎత్తరు. ఆయన నోరు జిల్లాకంతా పూచీ అయింది.

మా ఇంట్లో పద్ధతి వేరే చెప్పాలి. మొదటి ముద్ద ఎప్పుడూ మా నాయనదే. అమ్మ సంగటి కెలికి తట్టల్లో పెట్టగానే, మా అందరి తట్టల్లోంచి చిటికెడు చిటికెడు తీసుకుని ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని నోట్లో వేసుకునేవాడు. తర్వాత గడప మీద కూర్చుని ఒక బీడీ ముట్టించేవాడు. బీడీ కాలి ఆరిపోయేదాకా మేము చేయి పెట్టకూడదు. ఎందుకని అడిగితే చెప్పడు. "వేడిగుండాది, ఆగండి" అనేవాడు. చల్లారిన సద్దన్నానికి కూడా అదే మాట. "ఇంటికి పెద్దోడు కడపట తింటాడు ఏ ఇంట్లోనైనా. ఈయప్పకు ముందు నోట్లోకి పోవల్ల" అని అమ్మ దెప్పేది. ఆయనకు ఒక చెల్లెలు ఉండేదని, చిన్నప్పుడే ఏదో కరువులో పోయిందని మా జేజి, అంటే నాయనమ్మ, ఎప్పుడో అనగా విన్నాను. ఆ మాటకూ ఈ బీడీకీ ముడి పెట్టాలని నాకు తోచలేదు. మా నాయనకు నాలుక చాపల్యమని అనుకున్నాను. తండ్రిని ప్రేమించే పిల్లలు కూడా అట్లాంటివి అనుకుంటారు.

వేసవి సెలవుల్లో కాలేజీ ఆడపిల్లలను గంజి పోయడానికి కేంద్రాలకు పంపారు. నన్ను గోరంట్ల దగ్గర ఒక బడికి వేశారు. బడి గోడకు టార్పాలిన్ కట్టి దాని వెనక పొయ్యిలు పెట్టారు. కాసే మనిషి నారాయణమ్మ, మాటలు తక్కువ. టార్పాలిన్‌కు ఇవతల వందల మంది వరసగా కూర్చుని ఉన్నారు. మా నాయన దొర కంటే ముందే ఒక లారీలో వచ్చి చేరడం చూశాను. నన్ను చూసి తల ఊపి లోపలికి పోయాడు. నేను గిన్నెలు తీసుకురావడానికి వెళ్లేసరికి, డేగిసా పక్కన నిలబడి, గరిటె ఎత్తి పట్టుకుని, పైనుంచి అరచేతిలోకి గంజి పోసుకుని జుర్రుకుంటున్నాడు. నాకంటే ముందు అటు వైపు నుంచి ఇంకొకరు చూశారు. ఆ రోజు జీపు తొందరగా వచ్చింది. దొర టార్పాలిన్ చివర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు హుసేనప్పా?" అన్నాడు. గొంతు పెంచలేదు. మా నాయన చేయి తుడుచుకోలేదు. గంజి మణికట్టు మీదుగా మోచేతికి కారుతోంది. నారాయణమ్మ కెలకడం ఆపింది. టార్పాలిన్ అవతల ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు, వాడి తల్లి సముదాయిస్తోంది. అంత దగ్గర్లో ఉన్నారు జనం. మా నాయన ఒకసారి ఆ టార్పాలిన్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "ఆకలయింది సార్" అన్నాడు.

"వాళ్లకూ అయింది. వాళ్లు కూర్చున్నారు" అన్నాడు దొర. "ఓడ మీదైతే దీన్ని దొంగతనం అంటారు." డవాలు తీసి ఇవ్వమన్నాడు. మా నాయన తల మీంచి తీసి, మడిచి, బిళ్ల పైకి వచ్చేటట్టు పెట్టి ఇచ్చాడు. అంత సేపూ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అదే నాకు రుజువైంది. తప్పు చేయనివాడు అట్లా ఊరుకుంటాడా? దొర బయటికి వెళ్లి ఎప్పటిలాగే మూడు చెంచాలు తాగాడు. జనం కూర్చుని తాగారు. నేను వరస వెంట గంజి పోస్తూ పోయాను. ఒక్కరి గిన్నె బయట కూడా చుక్క పడలేదు, అది ఎందుకో బాగా గుర్తుంది.

మా నాయనను డఫేదారు పని నుంచి తీసేసి, బత్తలపల్లెలో ఒక గోదాముకు కాపలాగా వేశారు. బంగళా గదులు ఖాళీ చేసి, తట్టా బుట్టా ఎద్దులబండిలో వేసుకుని పోయాము. అమ్మ దారంతా ఒకటే మాట. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. అసలు చెట్టు కిందికి ఏంటికి పోయినావు?" మా నాయన బండి వెనక నడుస్తూ వచ్చాడు. కాలేజీ తెరిచాక నా వెనక ఆడపిల్లలు గంజి గంజి అనేవాళ్లు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, క్లాసులో ఎవరి పెన్ను పోయినా నా చెవులు ఎర్రబడేవి. ఆ కోపం ఒక మధ్యాహ్నం ఇంట్లో బయటపడింది. అమ్మ సంగటి పెట్టింది. మా నాయన అలవాటు ప్రకారం నా తట్ట వైపు చేయి చాపాడు. "నా తట్టలో చెయ్యి పెట్టొద్దు నాయనా" అన్నాను. ఆయన చేయి తట్ట మీద కొంచెం సేపు అట్లాగే ఉండి వెనక్కి పోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన కడపట తిన్నాడు. ఇంటికి పెద్దవాడు తినాల్సినట్టే తిన్నాడు. పోయేదాకా మా ఇద్దరి మధ్య మాటలు ఉన్నాయి గానీ, అవి బస్సుల వేళల గురించి, మందుల గురించి.

ఇంకొకటి కూడా చెప్పాలి. బత్తలపల్లెకు పోయిన ఆరేడు నెలలకు ఒక సాయంత్రం గోదాము ముందు దొర జీపు ఆగింది. మా గది కిటికీలోంచి చూశాను. దొర దిగాడు. మా నాయన లేచి నిలబడ్డాడు. ఇద్దరూ గోదాము మెట్ల మీద కూర్చున్నారు. దొర పక్కన మా నాయన కూర్చోవడం అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ కూడా దొంగతనం చేస్తున్నాడేమో తనిఖీకి వచ్చాడనుకున్నాను, ఆ మాటలు నా చెవిన పడకూడదని కిటికీ మూసేశాను. నా చేత్తో నేనే మూశాను.

వసంత నా ఎదుట ఓపికగా కూర్చునే ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం తీశాను. ఇంగ్లీషులో, నిలబెట్టినట్టున్న అక్షరాలు. ఊరి పేరు, ఉప్పు తక్కువ. ఊరి పేరు, అడుగు మాడింది. ఊరి పేరు, పరవాలేదు. గోరంట్ల దగ్గరి పేజీలో, "నా డఫేదారు గంజి దొంగిలిస్తూ దొరికాడు, తీసేశాను" అని ఒకటే పంక్తి. అంతే కదా, ఇది నాకు తెలిసిందే కదా అనుకుంటూ చూస్తే వసంత ఇంకా వెనక ఒక పేజీలో గుర్తు పెట్టి ఉంది. కేంద్రాలు మూసేశాక రాసింది. వంటమనిషి నారాయణమ్మ వచ్చి చెప్పిందట. హుసేనప్ప ఒక్క ఆ రోజే కాదు, మిగతా వంటమనుషులు చెప్పినదాన్ని బట్టి ప్రతి కేంద్రంలోనూ దొర కంటే ముందు చేరి, గరిటె పెదవికి తగలకుండా అరచేతిలో పోసుకుని తాగి, ఒక బీడీ కాల్చేంత సేపు ఆగి, అప్పుడు దొర గిన్నెలో పోయించేవాడని. దొర నేరుగా బత్తలపల్లె వెళ్లి అడిగాడట. ఆ తర్వాత ఉన్నది మా నాయన మాటలు. అవి మాత్రం తెలుగులో, ఆయన అన్నవి అన్నట్టే ఉన్నాయి.

"మీ నాలికకు ఉప్పు తెలుస్తాది సార్, బూజు తెల్దు. గోదాము పిండి యాడాడిదో. మా చిన్నప్పుడు కరువులో ఎవురో పుణ్యాత్ములు నూనె తీసిన చెనక్కాయ చెక్క పంచినారు. బూజు పట్టినది. నాకు ఎనిమిదేండ్లు, మా చెల్లికి ఐదు. దానికి ఆకలెక్కువని ముందు దానికే పెట్టినా. నేను తినేలోపల అది పడిపోయె. ఆ పొద్దు నుంచి ముందు నేనే తింటా సార్."

అప్పుడే ఎందుకు చెప్పలేదని దొర అడిగాడట. "దూదేకులోడు డేగిసా కాడ ముందు తాగినాడని తెలిస్తే సగం మంది ఎంగిలని లేస్తారు. మిగిలినోళ్లు, గంజిలో ఏమో ఉండబట్టే ముందు డఫేదారుకు తాపినారని లేస్తారు. దొంగంటే నేనొక్కన్నే లేస్తా. ఇప్పుడైనా చెప్పొద్దు సార్. మళ్లా కరువు రాకపోదు, మళ్లా గంజి పొయ్యకపోరు." తిరిగి బంగళాకు రమ్మంటే రానన్నాడట. వస్తే ఎందుకొచ్చావని అడుగుతారు, ఏం చెప్పాలి అన్నాడట. కింద దొర ఒక పంక్తి రాసుకున్నాడు: మాట ఇచ్చాను, ఎవరికీ చెప్పను.

నేను వెంటనే నమ్మలేదు, అది నా గుణం. చచ్చిపోయిన తండ్రిని మంచివాణ్ని చేయడానికి కూతుళ్లు ఏమైనా చేస్తారు. ఆ సంగతి చేయని కూతురికి ఇంకా బాగా తెలుసు. పేజీ వెలుతురుకు పట్టి చూశాను. అతికించింది కాదు. పురుగు తొలిచిన ఒకే రంధ్రం ముందు పేజీల నుంచి ఈ పేజీ దాకా, వెనక అట్ట దాకా పోయింది. సిరా కూడా ఒకే రకంగా వెలిసింది. అప్పుడు మళ్లీ ఆ పంక్తి దగ్గరికి వచ్చాను. ఒక బీడీ కాల్చేంత సేపు. మా గడప మీద కాలిన ఆ బీడీ సంగతి ఈ దొర కూతురికి ఎవరు చెప్పి ఉంటారు? అది తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. ఆయన చెయ్యి చాపేది తిండి మీద ఆశతో కాదు, నా తట్టలోని ముద్ద ముందు తన కడుపులో పడాలని. ఆ చేతినే వద్దన్నాను. పెద్దగా ఏడ్చాను. ఇంత వయసొచ్చాక, ముక్కూమొహం తెలియని మనిషి ముందు, చీర కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు మా వీధిలో రేషన్ బియ్యం వస్తుంది. అందులో బలం కోసం కలిపిన గింజలు కొన్ని ఉంటాయి. ప్లాస్టిక్ బియ్యమని వీధంతా వాటిని ఏరి పారేస్తుంది. నేనూ ఏరతాను, వసంత ఫోన్ చేసినప్పుడు నా చేతిలో ఉన్న చేట అదే. ప్లాస్టిక్ కాదని సంచి మీద అచ్చు వేశారు, గోడల మీద రాశారు, ఫోన్లకు పంపారు. ఎవరూ వచ్చి మా ఎదుట కూర్చుని ఒక ముద్ద తినలేదు. అప్పుడు అనుమానించడానికి మాకు ఒక మనిషి ఉండేవాడు, ఆయన మొహం చూసేవాళ్లం, తిట్టేవాళ్లం, చివరికి గిన్నె ఎత్తేవాళ్లం. ఇప్పుడు ఎవరిని అనుమానించాలో తెలియక అందరినీ అనుమానిస్తున్నాము. ఓడ దొర మంచివాడేనా? తన తప్పు తెలిసి కూడా యాభై ఏళ్లు మెప్పు అందుకున్నాడు. ఇచ్చిన మాట కోసమే అందుకున్నాడా, హాయిగానే ఉంది కదా అని అందుకున్నాడా, ఆ పుస్తకంలో లేదు.

"నాన్నగారు చివరి రోజుల్లో ఇది నా చేతికిచ్చారు" అంది వసంత. "మాట ఇచ్చింది నేను, నువ్వు కాదు అన్నారు. అంతకంటే ఏమీ చెప్పలేదు. వెయ్యమంటే వేస్తాను. వద్దంటే ఆ గంజి కథ మొత్తం తీసేస్తాను, దొంగ అన్నది కూడా ఉండదు. మీరే చెప్పండి."

తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. మా నాయన అడిగింది కూడా అదే. ఇప్పుడు దూదేకుల హుసేనప్ప ప్రతి ఊరి డేగిసాలోంచి ముందు తాగాడని చదివి, ఆనాడు తాగినవాళ్ల మనవలు ఎవరైనా మొహం చిట్లిస్తారా? చిట్లించరని చెప్పే ధైర్యం నాకు లేదు. నేను ఈ ఊళ్లోనే బతికినదాన్ని.

"వెయ్యమ్మా" అన్నాను. "పేరు పెట్టే వెయ్యి. హుసేనప్ప అని, కుళ్లాయమ్మ వాళ్ల నాయనని. లేచేవాళ్లు లేస్తారు."

పొద్దు నడినెత్తికి వచ్చింది. తిని పొమ్మన్నాను. వద్దనలేదు. సంగటి కెలికి, ఊరిబిండి నూరి, రెండు తట్టల్లో పెట్టి నేల మీద కూర్చున్నాము. వసంత తన సీసా సంచిలో పెట్టేసి, పొద్దుటి నుంచి అట్లాగే ఉన్న చెంబు ఎత్తి చేయి కడుక్కుంది, కొన్ని నీళ్లు తాగింది. ముద్ద చేయబోతుంటే, "ఉండమ్మా" అన్నాను. ఆమె తట్టలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాను. ఆమె చేయి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఒక బీడీ కాలేంత సేపు ఇద్దరం అట్లాగే కూర్చున్నాము.